పాత ఇంటి పెరట్లో షటిల్ కోర్టు వేయించాలంటే

గుంటూరులో తాతగారు కట్టించిన ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది, పిల్లల కోసం షటిల్ కోర్టు వేయిద్దామనుకుంటున్నాం, సిమెంటు మేలా సింథటిక్ మ్యాట్ మేలా అని అడిగారు. మేం తెనాలిలో మా మామగారి నాటి పెంకుటింటి పెరట్లో వేయించాం. రెండు చోట్లా నల్లమట్టే ఎక్కువ కాబట్టి మాకు తెలిసొచ్చింది మీకూ పనికొస్తుంది.

మ్యాట్ సంగతి ముందే తేల్చేస్తాను. షాపుల్లో చూపించే పీవీసీ మ్యాట్ హాలు లోపల వేసుకునేది. ఎండకీ వానకీ ఆరుబయట నిలవదు. అమ్మేవాళ్లు ఏం చెప్పినా వద్దు.

అసలు చూడాల్సింది పైన వేసేది కాదు, కింద ఏముందన్నది. పాత ఇళ్ల పెరళ్లలో పూడ్చేసిన నూతులు, పాత మరుగుదొడ్డి గుంటలు, ఎవరికీ గుర్తులేని సెప్టిక్ ట్యాంకులు ఉంటాయి. పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి దిగబడుతూనే ఉంటుంది. మా ఇంట్లో నుయ్యి ఉండేదని మా అత్తగారికి తెలుసు గానీ సరిగ్గా ఎక్కడో చెప్పలేకపోయారు. పాత పనివాడిని పిలిపిస్తే జామచెట్టు పక్కనని చూపించాడు. అక్కడ గునపం దించితే వెన్నలోకి దిగినట్టు దిగింది. ఆ చోటు గీతల బయట పడేలా కోర్టును ప్రహరీ వైపు జరిపాం. మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారు కదా, మేస్త్రీని పిలిచే ముందు వాళ్లతో ఒకసారి పెరడంతా తిరిగి రండి.

తర్వాత మట్టి. నల్లరేగడి వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే ఎంత మంచి సిమెంటు వాడినా పగులుతుంది. మేం రెండడుగుల లోతు నల్లమట్టి తీయించి గ్రావెల్ నింపించాం. అదీ ఒకేసారి కుమ్మరించకుండా అరడుగు చొప్పున పోసి, తడిపి, గట్టిపరిచాకే మీద పొర. ఖర్చంతా ఇక్కడే అవుతుంది. కొటేషన్ ఇచ్చేవాళ్లు కోత పెట్టేదీ ఇక్కడే, కాబట్టి మట్టిపని, కాంక్రీటు, పైపూత మూడింటికీ విడివిడిగా రేటు రాయించుకోండి. ఇంకో మాట, ఇల్లు సున్నంతో కట్టినదైతే గోడల దగ్గర వైబ్రేటింగ్ రోలర్ తిప్పనివ్వకండి. మేం గోడ వైపు చేతి దిమ్మిసతోనే కొట్టించాం.

ఇక నీళ్లు. షటిల్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. వెనక నాలుగేసి, పక్కల మూడేసి అడుగులు వదిలితే 52 × 26 అవుతుంది. తుపాను రోజున పది సెంటీమీటర్ల వాన పడితే ఆ గచ్చు మీద 12,000 లీటర్ల పైచిలుకు నీళ్లు చేరతాయి. ఇన్నాళ్లూ మట్టిలో కొంతైనా ఇంకిన ఆ నీళ్లు ఇప్పుడు ఎటు పోవాలి? మన ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ పాత ఇళ్లన్నీ పల్లంలో పడ్డాయి. వీధి కాలువలోకి పోతాయిలే అనుకుంటే అవి తిరిగి మీ వంటగది వైపే వస్తాయి. అందుకే కోర్టు మట్టం ఇంటి బేస్‌మెంట్ కంటే బాగా కిందికి ఉండాలి, వాలు ఇంటి గోడ నుంచి బయటి వైపుకి ఉండాలి. వందడుగులకు ఒక అడుగు లెక్కన వాలు చాలు. 20 అడుగుల వెడల్పులో రెండున్నర అంగుళాల లోపే, ఆటలో తెలియదు. పల్లం ఈశాన్యానికే ఉండాలని మా మేస్త్రీ పట్టుబట్టాడు. అదృష్టవశాత్తూ ఇంకుడు గుంతకు చోటున్నదీ అటే కాబట్టి వాస్తు, ఇంజనీరింగ్ రెండూ కలిశాయి.

కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టించండి, పొద్దుటా సాయంత్రమూ ఎండ కళ్లల్లో పడదు. కాంక్రీటు నాలుగంగుళాలు, పది అడుగులకొక గాడి, వారం పది రోజులు నీళ్లు కట్టడం, ఇవన్నీ మేస్త్రీకి తెలిసినవే. యాక్రిలిక్ రంగు మాత్రం కనీసం 28 రోజులు ఆగాకే వేయించండి. తేమ ఉండగా వేస్తే పొక్కులు లేస్తుంది.

చెట్లేమైనా అడ్డొస్తే కొట్టించే ముందు అనుమతి గురించి కనుక్కోండి, వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం సొంత స్థలంలోని చెట్లకూ వర్తిస్తుంది. కొబ్బరిచెట్టు కోర్టు మీదికి వాలి ఉంటే మాత్రం మొహమాటపడొద్దు. కాయ, మట్ట ఎప్పుడు పడతాయో చెప్పలేం. కరెంటు తీగలు పైనుంచి పోతుంటే ముందు వాటిని మార్పించండి, షటిల్ చిక్కుకుందని పిల్లలు కర్రలు పట్టుకుని బయల్దేరతారు.

నన్నడిగితే మొదటి ఏడాది కాంక్రీటే వద్దు. పైన ఎర్రమట్టి పరిచి, రోలర్ తిప్పి, సున్నంతో గీతలు గీసి ఆడించండి. మన ఊళ్లలో బాల్ బ్యాడ్మింటన్ అంతా మట్టి మీదే ఆడారు. మోకాళ్లకూ మట్టే సుఖం. ఒక వానాకాలం గడిస్తే నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, నేల ఎక్కడ దిగబడుతోందో, అసలు పిల్లలకు మోజు నిలిచిందో లేదో అన్నీ తెలుస్తాయి. నెట్ స్తంభాలకు మాత్రం ఇప్పుడే కాంక్రీటు గుంటల్లో పైపులు పాతించి, వాటిలో దించి తీసుకునేవి పెట్టించండి. నెట్ మధ్యలో సరిగ్గా 5 అడుగులు, స్తంభాల దగ్గర ఒక అంగుళం ఎక్కువ. ఈకల షటిల్ కొనకండి, గాలికి ఆగదు. నైలాన్‌ది తీసుకుని పొద్దున్నే ఆడించండి.