వైజాగ్ నుంచి మూడు రాత్రుల క్రూయిజ్‌లో పుదుచ్చేరి స్టాప్ తీసేస్తే, అది ఓడ పాతదవడం వల్లేనా?

మీరు అడిగింది ఇదీ: వైజాగ్‌లో ఎక్కి చెన్నైలో దిగే మూడు రాత్రుల ట్రిప్ బుక్ చేశారు. ఓడకి ముప్పై ఏళ్లు దాటాయని, పుదుచ్చేరిలో ఆపకుండానే వెళ్లిపోతుందని ఎవరో చెప్పారు. పాత ఓడ కాబట్టే ఇలా అవుతుందా, టికెట్ రద్దు చేసుకోమంటారా అని మీ ప్రశ్న.

రద్దు చేసుకోకండి. ఓడ వయసుకీ పుదుచ్చేరి స్టాప్‌కీ సంబంధం లేదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, సరిగ్గా ఇదే ట్రిప్‌లో మాకూ పుదుచ్చేరి పోయింది. దానికి తోడు నేను సింధియా దగ్గర షిప్‌యార్డులో 31 ఏళ్లు రిపేరు విభాగంలో ఫిట్టర్‌గా పనిచేశాను. నీళ్లు తోడేసి రిపేరు చేసే డ్రై డాక్‌లోకి వచ్చిన ఓడల కిందకి దిగి, ఓడ పంఖాని తిప్పే షాఫ్ట్ ఎంత అరిగిందో కొలిచిన వాణ్ని. "పాత ఓడ" అని జనం తేలిగ్గా అనేస్తే నాకు నిజంగానే బాధ కలుగుతుంది.

ముందు లెక్క చూడండి. వైజాగ్ నుంచి పుదుచ్చేరి సముద్రం మీద సుమారు 400 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 740 కిలోమీటర్లు. రాత్రి ఎనిమిదింటికి బయలుదేరి, మర్నాడంతా నడిచి, ఆ మర్నాడు ఉదయం ఏడింటికి చేరాలి. అంటే 35 గంటలు. గంటకి పదకొండున్నర నాటికల్ మైళ్లు సరిపోతుంది. ఆ వేగం ఏ ప్యాసింజర్ ఓడకైనా నడకలాంటిది. ముప్పై ఏళ్ల ఇంజన్ కూడా ఆయాసపడకుండా పోతుంది. డీజిల్ కలిసొస్తుందని కొత్త ఓడని కూడా అదే వేగంతో నడుపుతారు. కాబట్టి "ఇంజన్‌లో పస లేదు, అందుకే పుదుచ్చేరి ఎగ్గొట్టారు" అనేది ఒట్టి మాట.

అసలు సంగతి పుదుచ్చేరిలోనే ఉంది. మన వైజాగ్‌లో 2023 సెప్టెంబర్‌లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. 330 మీటర్ల బెర్త్. ఓడ దాని పక్కకొచ్చి ఆనుకుంటుంది, మనం మెట్ల మీంచి నడుచుకుంటూ ఎక్కుతాం. చెన్నైలోనూ అంతే. పుదుచ్చేరిలో అంత పెద్ద ఓడ ఆనుకోవడానికి గట్టు లేదు. ఓడ దూరంగా లంగరు వేస్తుంది, జనాన్ని చిన్న బోట్లలోకి దింపి ఒడ్డుకి చేరుస్తారు. మొత్తం కథంతా ఆ బోట్ల దగ్గరే తేలుతుంది. మాకు టికెట్ అమ్మినాయన ఈ ఒక్క ముక్క చెప్పలేదు. "బీచ్ పక్కనే దింపేస్తారు సార్, కాఫీ తాగి తిరిగి రావచ్చు" అన్నాడు.

మా ఆవిడకి కాఫీ అక్కర్లేదు. వాళ్ల చెల్లి పుదుచ్చేరిలో ఉంటుంది. మా తోడల్లుడిది యానాం, పుదుచ్చేరి ప్రభుత్వంలోనే ఉద్యోగం కాబట్టి బదిలీ మీద అక్కడికి వెళ్లారు. అక్కచెల్లెళ్లు కలుసుకుని నాలుగేళ్లయింది, చివరిసారి వాళ్ల నాన్నగారి సంవత్సరీకాలకి చూసుకున్నారు. ఈ ట్రిప్‌కి మా ఆవిడ ఒప్పుకున్నదే ఆ మూడు నాలుగు గంటల కోసం. రెండు కిలోల ఆవకాయ జాడీలో పెట్టి, వాసెన కట్టి, దానిమీద ప్లాస్టిక్ కవరు చుట్టి తెచ్చింది. టెర్మినల్ దగ్గర స్కానర్‌లో ఆ జాడీ చూసి ఆపేశారు, బయటి తిండి లోపలికి కుదరదన్నారు. "మేం తినడానికి కాదు బాబూ, మా చెల్లికి" అని బతిమాలితే, పెద్దాఫీసరు వచ్చి టేపు చుట్టించి, కేబిన్‌లోంచి బయటికి తీయొద్దని చెప్పి వదిలేశాడు.

మూడో రోజు తెల్లవారుజామున ఐదున్నరకే నాకు మెలకువ వచ్చింది. లంగరు గొలుసు దిగుతున్న చప్పుడు అది, కడుపులోంచి వచ్చినట్టు ఉంటుంది, ఎన్నేళ్లైనా మరిచిపోలేం. బయటికి వచ్చి చూస్తే సముద్రం ప్రశాంతంగా ఉంది. గాలి లేదు, నురగ లేదు. పట్నం మూడు కిలోమీటర్ల దూరంలో తెల్లటి గీతలా కనిపిస్తోంది. కానీ నీటికింద నుంచి ఎవరో నెమ్మదిగా ఎత్తి దించుతున్నట్టు పొడవాటి కెరటాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఎక్కడో దూరాన వీచిన గాలికి పుట్టి, వందల మైళ్లు నడిచి వచ్చే కెరటాలవి. ఓడలవాళ్లు స్వెల్ అంటారు. పై డెక్ మీద టీ తాగేవాడికి అది తెలియదు.

మా ఆవిడ తొందర వల్ల బోటు క్యూలో మేమే ముందున్నాం. కింది డెక్‌లో, నీటికి కొంచెం ఎత్తులో ఓడ పక్కన తలుపు తెరిచారు. అక్కడి నుంచి నేను చూసింది చెబుతాను. మొదటి బోటు వచ్చి ఆనుకుంది. తాడు విసిరి కట్టారు. బోటు అంచు తలుపు గడపతో సమానంగా లేచింది, మరుక్షణం నడుములోతు కిందికి పోయింది. తాడు బిగిసి కీచుమంది, వెంటనే వదులై నీళ్లలో పడింది. రెండూ గుద్దుకోకుండా మధ్యలో పెట్టిన రబ్బరు ఫెండర్ అప్పడంలా నలిగింది. బోటు మళ్లీ పైకి లేచినప్పుడు సిబ్బందిలో ఒక కుర్రాడు దాంట్లోకి గెంతాడు. పాతికేళ్లవాడు, రోజూ అదే పని చేసేవాడు, వాడికే కాలు జారి మోకాలి మీద పడ్డాడు. నా వెనక చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. చంకన పసిపిల్లతో ఒక తల్లి ఉంది. గడపకీ బోటుకీ మధ్య కాలు పడితే ఎముక ఉండదు. షిప్‌యార్డులో ఓడకీ గట్టుకీ మధ్య నలిగిన ఇనుప నిచ్చెనని నేను కళ్లారా చూశాను.

కెప్టెన్ ఊరికే చేతులెత్తేయలేదు. ఓడని కొంచెం తిప్పి, కెరటాలు అవతలి వైపు తగిలేట్టు చేసి, ఇవతల నీళ్లు నిమ్మళిస్తాయేమోనని చూశాడు. అవతలి తలుపు దగ్గర కూడా ప్రయత్నించారు. ముప్పావుగంట గడిచాక మైకులో ప్రకటన వచ్చింది, సముద్రం అనుకూలంగా లేదు కాబట్టి దిగడం కుదరదని. ఒక్కసారిగా గోల మొదలైంది. "డొక్కు ఓడ! డబ్బులు తిరిగివ్వండి!" అని ఒకాయన అరిచాడు. కాకినాడలోనో కృష్ణపట్నంలోనో ఆపొచ్చు కదా అన్నాడు ఇంకొకాయన. ఆ రెండూ వెనక దాటేసి వచ్చినవి, పైగా సరుకు ఓడలకి బెర్తులు ముందే రాసిపెట్టి ఉంటాయి. వందల మందిని దింపాలంటే సెక్యూరిటీ కావాలి, బస్సులు కావాలి, అనుమతులు కావాలి. పదిహేను రోజుల ప్రయాణంలో ఏడెనిమిది స్టాపులుంటే ఒకటి పోయినా ఇంకోదాంతో సర్దుతారు. మూడు రాత్రుల ట్రిప్‌లో ఉన్నది ఒక్క స్టాపు. అది పోతే పోయినట్టే, సర్దడానికి రోజు మిగలదు. మార్పులు ఇంత బాధగా అనిపించడానికి కారణం ట్రిప్ పొట్టిదవడమే కానీ ఓడ ముసలిదవడం కాదు.

అరుపుల మధ్య మా ఆవిడ ఫోన్ మోగింది. ఒడ్డుకి దగ్గర కాబట్టి సిగ్నల్ ఒక గీత దొరికింది. చెల్లెలు పొద్దున్న ఆరింటి నుంచి గాంధీ విగ్రహం దగ్గర నిలబడి ఉంది, టిఫిన్ క్యారియర్‌తో.

"అక్కా, తెల్లగా కనిపిస్తోంది. అదేనా మీ ఓడ?"

"అదేనే. నేను పైన పొగగొట్టం పక్కకి వస్తాను, చూడు."

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి పైకి వెళ్లింది. మోకాళ్ల నొప్పుల మనిషి, ఎలా ఎక్కిందో తెలియదు. రెయిలింగ్ పట్టుకుని పసుపుపచ్చ చీర కొంగు పైకెత్తి ఊపింది. "కనపడుతున్నానా?" అంటే, "ఓడే అగ్గిపెట్టంత ఉందక్కా, నువ్వెక్కడ కనపడతావు" అని చెల్లెలు ఏడ్చేసింది. అయినా ఈవిడ ఊపడం ఆపలేదు. లంగరు ఎత్తి ఓడ కదిలేదాకా ఊపుతూనే ఉంది. నేను పక్కన నిలబడ్డాను, మాట్లాడడానికి ఏమీ తోచలేదు.

ఆ మధ్యాహ్నం టికెట్ అమ్మినాయనకి ఫోన్ చేశాను. "ఓడ పాతది సార్, అంతే" అన్నాడు. నాకు ఎక్కువ కోపం వచ్చింది అప్పుడే. బోటు సంగతి చెప్పకుండా దాచింది తను, నింద ఓడ మీదికి. ఈ ఒక్క మాట వల్లే ఊళ్లో ఆ ఓడకి చెడ్డపేరు వస్తోంది. ద్వారకానగర్‌లో ఏసీ గదిలో కూర్చుని అమ్మేవాళ్లు ఒక్కసారైనా కాన్వెంట్ జంక్షన్ లారీల మధ్య నుంచి పోర్టుకి వచ్చి, ఓడ ఎలా కడతారో చూడాలి.

ఓడ వయసు గురించి కూడా చెబుతాను, మీ ఇంట్లోవాళ్లకి భయం ఉంటుంది కాబట్టి. ప్యాసింజర్ ఓడ సేఫ్టీ సర్టిఫికెట్ గడువు పన్నెండు నెలలే. సరుకు ఓడలకైతే ఐదేళ్ల దాకా ఇస్తారు. జనాన్ని మోసే ఓడని ప్రతి ఏడూ సర్వేయర్ చూడాల్సిందే. అడుగు రేకు మందం యంత్రంతో కొలుస్తారు, పలచబడిన చోట కోసేసి కొత్త ప్లేటు వెల్డింగ్ చేస్తారు. లోపల కాలే స్వభావమున్న సామాన్లతో కట్టిన పాతకాలం ఓడలని అంతర్జాతీయ నియమాలు 2010లోనే పక్కన పెట్టించాయి. కాబట్టి ఇవాళ తిరుగుతున్న ముప్పై ఏళ్ల ఓడ అన్ని పరీక్షలూ తట్టుకుని నిలబడ్డదే. లోపల కార్పెట్ మాసి ఉంటుంది, బాత్రూమ్ ఇరుకు, ఏసీ ఒక కేబిన్‌లో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. అవి నిజమే. వాటిమీద ఫిర్యాదు చేయండి, నేనూ చేశాను.

మన ఊరికి పాత ఓడలని తీసిపారేసే హక్కు అసలే లేదు. 1933లో మన హార్బర్ తెరవకముందు, డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర, ఓడలు లోపలికొచ్చే ఛానెల్‌లోకి కెరటాలు కొట్టకుండా రెండు పాత ఓడలని ముంచి అడ్డుగోడగా వాడారు. మా కాలనీలో సగంమంది అండమాన్ ఓడలో పోర్ట్ బ్లెయిర్ వెళ్లొచ్చినవాళ్లే. రెండున్నర రోజుల ప్రయాణం, బయలుదేరే తేదీ తెలిసేది కొద్దిరోజుల ముందే, అదీ మారేది. శ్రీకాకుళం నుంచి మూటాముల్లెతో వచ్చి పోర్టు బయట రెండు రాత్రులు పడుకున్న కుటుంబాలని చూశాను. సముద్రం దారి అంటే అలాగే ఉంటుందని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సముద్రం ఒక్కటే కాదు, కాగితాలు కూడా ఆపుతాయి. 2022 జూన్‌లో ఈ మార్గంలో క్రూయిజ్ మొదలైనప్పుడు, ఓడలో కాసినో ఉందని పుదుచ్చేరిలో గొడవై, ప్రభుత్వం అనుమతి ఇవ్వక ఓడ అక్కడ జనాన్ని దింపకుండానే వెళ్లింది. అప్పుడూ ఇంజన్ బాగానే ఉంది.

మీరు టికెట్ ఇచ్చినవాళ్లని అడగాల్సింది ఓడ వయసు కాదు. పుదుచ్చేరిలో గట్టుకి కడతారా, లంగరు వేసి బోట్లలో దింపుతారా అని అడగండి. స్టాప్ పోతే పోర్టు రుసుము వెనక్కి వస్తుందా, ఆ మాట టికెట్ షరతుల్లో ఎక్కడుందో చూపించమనండి. మాకు ఆ రుసుము కింద కొంచెం డబ్బు నెల తర్వాత వచ్చింది, మిగతాది రాలేదు. దారి మార్చే హక్కు కెప్టెన్‌కి ఉందని షరతుల్లో ముందే ఉంది, నేను సంతకం పెట్టే ముందు చదవలేదు. మీతో పెద్దవాళ్లుంటే, సముద్రం బాగున్న రోజున కూడా బోటులోకి దిగడం కష్టమని చెప్పి తీసుకెళ్లండి.

ఇంకో ముఖ్యమైన విషయం. చెన్నైలో దిగిన రోజు పొద్దున్న రైలుకి టికెట్ తీసుకోకండి, సాయంత్రం దానికి తీసుకోండి. మేం హౌరా మెయిల్‌కి తీసుకున్నాం. ఓడ దిగి సెంట్రల్‌కి చేరేసరికి మా మరదలు అక్కడ బెంచీ మీద కూర్చుని ఉంది. తెల్లవారుజామున బస్సెక్కి, 150 కిలోమీటర్లు వచ్చింది, అదే టిఫిన్ క్యారియర్‌తో. ఇద్దరూ సాయంత్రం దాకా ఆ బెంచీ వదల్లేదు. రైలు కదలబోయే ముందు జాడీ అందించాం. వాసెన మీద ఓడవాళ్లు చుట్టిన టేపు అలాగే ఉంది.