కొత్తది పోసే ముందు పాతది చూడు

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

తాతయ్య 1960ల నాటి కారు షెడ్డులోంచి బయటికి తీశావని, నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయని చదివి చాలా సంతోషపడ్డాను. కానీ "కొత్త బ్యాటరీ వేశాను, మంచి ఆయిల్ పేరు చెబితే పోసి స్టార్ట్ చేస్తాను" అని రాశావు చూడు, అక్కడ గుండె ఆగినంత పనైంది. అప్పుడే స్టార్ట్ చెయ్యకు తల్లీ. ఇన్నేళ్లు ఆగిన బండి ఇంకో రెండు వారాలు ఆగుతుంది.

ఏ కంపెనీ ఆయిల్ మంచిదని అడిగావు. కంపెనీ పేరుతో ఈ బండికి పెద్దగా పని లేదు. లోపలున్న రబ్బరుకి, ఇత్తడికి, సీసపు అతుకులకి ఏది పడుతుందన్నదే లెక్క. 1960ల నాటి ఇంజినీర్లు అప్పుడు దొరికే నూనెలకు తగ్గట్టు ఆ వస్తువులు వాడారు. ఇప్పటి సరుకు చాలావరకు అప్పటికంటే మేలైనదే, నిస్సందేహంగా వాడుకోవచ్చు. మూడు నాలుగు చోట్ల మాత్రం పాత లోహానికీ కొత్త రసాయనానికీ పడదు. ఆ చోట్ల గురించే ఈ ఉత్తరం. ముందుగా బండితో వచ్చిన పుస్తకం వెతుకు. తర్వాత ఒక్కొక్క చోటి నుంచీ పాత నూనె దించి, దేనికది శుభ్రమైన గిన్నెలో పట్టి చూడు. తొందరలో పారబొయ్యకు.

మొదట బ్రేకులు. ఇంజన్ కదలకపోతే బండి ఇంట్లోనే ఉంటుంది, బ్రేకు పడకపోతే ఎక్కడికి పోతుందో చెప్పలేం. బ్రేకుల్లో పోసే ఫ్లూయిడ్ రకాల్లో డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ నీళ్లలో కలిసే గ్లైకాల్ జాతివి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. డాట్ 5 ఒక్కటే సిలికాన్. అంకె చూసి అది 5.1కి తమ్ముడనుకుంటారు, కాదు. డాట్ 5ని మిగతా మూడింటితో కలపకూడదు. ఇదివరకు ఎవరు ఏది పోశారో తెలియదు కాబట్టి చిన్న పరీక్ష చెయ్యి. గాజు సీసాలో సగం నీళ్లు తీసుకుని, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాల వైపు నెట్టేది) డబ్బాలోంచి కొంచెం ఫ్లూయిడ్ తీసి అందులో వేసి గట్టిగా కుదుపు. గ్లైకాల్ అయితే నీళ్లలో కలిసిపోతుంది. కాసేపటికి విడిగా పొరకట్టి నిలిచిందంటే అది సిలికానో, ఎవరో తెలియక పోసిన మామూలు నూనో అయ్యుంటుంది. మామూలు నూనె పడితే లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి, అప్పుడు రబ్బరు సామానంతా మార్చాల్సిందే.

గ్లైకాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155. అంటే బ్రేకు వేడెక్కిన వేళ ఫ్లూయిడ్ ఆవిరై, పెడల్ నేలకి అంటుకుపోవచ్చు. ఆ నీరే ఒక్కో చక్రం దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్లలో తుప్పు పట్టిస్తుంది. ఒక సిలిండర్ విప్పి రబ్బరు మూత ఎత్తి చూడు: అంచున గోధుమరంగు బురద, పిస్టన్ మీద వేలికి తగిలే గుంటలు కనిపిస్తే మిగతా మూడూ అలాగే ఉన్నాయనుకో. రబ్బరు గొట్టాలు పైకి నల్లగా నిగనిగలాడుతున్నా లోపల ఉబ్బి దారి మూసేస్తాయి, అన్నీ మార్చెయ్యి. తర్వాత డాట్ 4 పొయ్యి, రెండేళ్లకోసారి మారుస్తూ ఉండు. సిలికాన్ తేమ పీల్చదు, పెయింటును తినదు అని చాలామంది దాన్ని పొగుడుతారు, అది నిజమే. కానీ ఎలాగోలా లోపలికి చేరిన నీరు అందులో కరగక అడుగున ఒకేచోట నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది. పెడల్ కూడా కొంచెం మెత్తగా ఉంటుంది. నువ్వు బండి నడుపుతానంటున్నావు కాబట్టి నా ఓటు డాట్ 4కే. మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బా వాడకు, పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడుగు.

ఇంజన్ ఆయిల్ దించేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ మెల్లగా వదులు చెయ్యి. నీరు చేరి ఉంటే నూనెకంటే ముందు అదే వస్తుంది, ఎందుకంటే అది అడుగున ఉంటుంది. బాగా నీరు వచ్చిందంటే హెడ్ గాస్కెట్ (రేడియేటర్ నీరు నూనెలోకి రాకుండా ఆపే పొర) సంగతి తేల్చకుండా ముందుకు పోకు. వీలైతే సంప్ (ఇంజన్ కింది నూనె తొట్టి) విప్పి అడుగున పేరుకున్న మడ్డి గీకెయ్యి.

ఈ తరం ఇంజన్లలో చాలావాటికి వాల్వుల్ని కదిపే ట్యాపెట్లు చదునుగా ఉండి, వాటిని నెట్టే క్యామ్ మీద రాసుకుంటూ నడుస్తాయి. ఆ రాపిడిని కాసేది నూనెలోని జింక్, ఫాస్ఫరస్ కలిసిన మందు. ఫాస్ఫరస్ కొత్త కార్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లను పాడుచేస్తుందని తగ్గిస్తూ వచ్చారు, 2004 నుంచి పెట్రోల్ కార్ల పలుచని గ్రేడులకు 0.08 శాతానికి మించకూడదన్న నియమం ఉంది. అందుకే మార్కెట్లో అన్నిటికన్నా కొత్తది, ఖరీదైనది నీ బండికి మంచిదవ్వాలని లేదు. పుస్తకం వేరే చెప్పకపోతే, పాత ఇంజన్ల కోసం చేసిన 20డబ్ల్యూ-50 చిక్కదనం ఉన్న మినరల్ ఆయిల్ తీసుకో, జింక్ ఎంతుందో డబ్బా మీద చూడు. అది చాలు, విడిగా అమ్మే జింక్ మందు కలపకు, మోతాదు మించినా చెరుపే. 0డబ్ల్యూ-20 లాంటి నీళ్లలాంటి నూనెలు మాత్రం వద్దు, ఆ బేరింగుల సందులు వాటికోసం పెట్టినవి కావు.

పొయ్యగానే సెల్ఫ్ కొట్టకు. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ వేసి రాత్రంతా వదిలెయ్. మర్నాడు గేరు న్యూట్రల్‌లో పెట్టి చేత్తో ఇంజన్ తిప్పి చూడు. బిగిసి ఉంటే బలవంతం చెయ్యకు, నూనె ఇంకో రోజు నాననీ. హాయిగా తిరిగాక, ప్లగ్గులు లేకుండానే, ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు లేచేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టు. కొత్త ఆయిల్ లోపలి మురికిని కడిగేస్తుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లకే దాన్ని, ఫిల్టర్‌ని మార్చెయ్యాలి. ఆ ఖర్చు దగ్గర వెనకాడకు.

గేర్ బాక్స్ దగ్గర ఒక జాగ్రత్త: నూనె పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూశాకే కింది ప్లగ్ విప్పు. పైది బిగుసుకుపోతే ఖాళీ గేర్ బాక్స్‌తో చిక్కుకుపోతావు. గేర్లు సాఫీగా పడేలా చేసే లోపలి సింక్రో రింగులు ఇత్తడివో కంచువో అయ్యుంటాయి. గేర్ నూనెల్లో జీఎల్-4, జీఎల్-5 అని రకాలున్నాయి. జీఎల్-5 నూనెల్లోని గంధకం మందు కొన్నిటిలో ఆ పసుపు లోహాన్ని మెల్లగా తినేస్తుంది, పైగా ఆ నూనె జారుడు ఎక్కువై గేర్లు పడేటప్పుడు గరగరమంటాయి. అందుకని గేర్ బాక్స్‌కి జీఎల్-4. కొన్ని బళ్లలో గేర్ బాక్స్‌కీ ఇంజన్ ఆయిలే పొయ్యమంటారు, పుస్తకం చూడు. వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ హైపాయిడ్ రకమైతే (గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగేది) దానికి జీఎల్-5 కావాలి. గేర్ ఆయిల్ 90 అన్న అంకె చూసి కంగారుపడకు, ఆ కొలమానం వేరు, చిక్కదనంలో అది ఇంజన్ ఆయిల్ 40, 50లకు దగ్గరే.

రేడియేటర్ రాగి, ఇత్తడి, సీసపు అతుకులతో చేసింది. దానికి పాతరకం సిలికేట్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం పోసి రెండేళ్లకోసారి మార్చు. డబ్బాలోని రంగును నమ్మకు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. కూలెంట్ తియ్యగా ఉంటుంది కానీ విషం, కుక్కలకీ పిల్లలకీ అందనివ్వకు.

ట్యాంకులోని పాత పెట్రోల్ చుక్క కూడా కార్బ్యురేటర్‌కి వెళ్లకూడదు. అది జిగురుగా మారి జెట్లు (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రాలు) పూడుస్తుంది. పూర్తిగా దించు. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్న చోట పాత రబ్బరు పైపులు మెత్తబడి కారతాయి, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించు.

దించిన నూనెలు కాలవలో పొయ్యకు, పాత ఆయిల్ తీసుకునే చోట ఇవ్వు. ఇక కొనడం సంగతి: బ్రేక్ పరీక్షలో ఏం తేలిందో, గేర్ బాక్స్ ప్లగ్‌కి ఇత్తడి పొడి అంటుకుందో లేదో, డిఫరెన్షియల్ నూనె ఏ రంగులో వచ్చిందో ముందు నాకు రాయి. పుస్తకంలో నూనెల పట్టిక ఉన్న పేజీ ఫోటో కూడా పంపు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏ డబ్బాలు ఎన్ని కొనాలో రాస్తాను.

ప్రేమతో,
మావయ్య