చిన్నీకి పెదనాన్న ఉత్తరం: గుడ్లగూబనీ గబ్బిలాన్నీ పోల్చేటప్పుడు

చిన్నీ,

నువ్వు పంపిన పట్టిక చూశాను. ఈకలు–చర్మం, గుడ్లు–పిల్లలు అంటూ చక్కగా రాశావు. తప్పేమీ లేదు. కానీ ఏ గుడ్లగూబ? ఏ గబ్బిలం? గబ్బిలాల్లోనే 1,400కు పైగా జాతులున్నాయి. పండ్లు తినేదాని సంగతి పురుగులు పట్టేదానికి వర్తించదు. అందుకని ముందు ఒక్కో జాతిని ఎంచుకో. నేనైతే తెల్లటి ముఖం ఉండే బార్న్ ఔల్‌నీ, మెగాడెర్మా లైరా అనే పెద్ద చెవుల గబ్బిలాన్నీ తీసుకుంటాను. రెండూ రాత్రిపూట ఎలుకల్ని వేటాడేవే.

ప్రశ్న కూడా ఒక్కటే పెట్టుకో: చీకట్లో ఎలుక ఎలా దొరుకుతుంది?

1793 ప్రాంతంలో ఇటలీలో స్పాలంజానీ అనే శాస్త్రవేత్త గదిలో దీపం లేకుండా చేస్తే గుడ్లగూబ గోడలకు కొట్టుకుంది, గబ్బిలాలు మాత్రం హాయిగా తిరిగాయి. అవి మన చెవికందని కూతలు వేసి, వాటి ప్రతిధ్వనితో దారి చూసుకుంటాయని 1940 ప్రాంతంలో గ్రిఫిన్, గలంబోస్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. దీంతో గబ్బిలమే గొప్పదనేస్తారు చాలామంది. ఆగు. బార్న్ ఔల్ చెవి రంధ్రాలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. ఆ తేడాతోనే ఎండుటాకుల అలికిడి ఎంత ఎత్తు నుంచి వస్తోందో పసిగట్టి, కటిక చీకట్లోనూ ఎలుకను పట్టేస్తుంది. ఇక మన మెగాడెర్మా? అదీ చాలాసార్లు కూత ఆపేసి ఎలుక అడుగుల చప్పుడు వింటుంది! నీ పట్టికలో ‘గబ్బిలం – ప్రతిధ్వని’ అన్న గడిలో ఇది పట్టదు.

నేనూ తక్కువ తినలేదులే. గబ్బిలాలకు కళ్లు కనపడవని కొన్నేళ్లు పాఠం చెప్పాను. శుభ్రంగా కనపడతాయి.

గుడ్లగూబ ఎలుకను గుటుక్కున మింగి, బొచ్చూ ఎముకలూ ఉండలా కక్కేస్తుంది. ఆ ఉండ దొరికితే వదలకు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పట్టకారుతో నెమ్మదిగా విడదీస్తే నారింజరంగు పళ్లతో బుల్లి పుర్రె బయటపడుతుంది. మెగాడెర్మా అలా కాదు, కొరుక్కు తింటుంది. అది వేలాడే చోటు కింద కప్ప కాళ్లు, పురుగుల రెక్కలు రాలి ఉంటాయి. చూడు, ఫొటో తియ్యి, చెయ్యి మాత్రం పెట్టకు. గబ్బిలాన్ని అసలే ముట్టుకోకు, రేబిస్ భయం ఉంది. పెంట దుమ్ము లేచే చోట మాస్క్ ఉండాల్సిందే.

బొమ్మ వేసేటప్పుడు గబ్బిలం రెక్కలో నాలుగు పొడుగు వేళ్లు లెక్కపెట్టి వెయ్యి. బొటనవేలు విడిగా, పైన గోరుతో ఉండాలి. అందరూ దాన్నే మర్చిపోతారు. వేశాక నాకు పంపు.

– పెదనాన్న