యూరోపా మీద జీవాన్ని వెతకాలంటే ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా మంచు కింద జీవం ఉందేమో వెతుకుతానంటోంది. ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చేస్తే నాసాకు దారి దొరుకుతుందని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. సీటుకు అడ్వాన్సు కట్టమంటున్నారు. ఫీజుల పట్టిక జత చేస్తున్నాను. ఏరోస్పేస్ మేలా, కంప్యూటర్ సైన్స్ మేలా?
– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరం నాకు ఏటా వస్తూనే ఉంటుంది. చంద్రయాన్-3 దిగాక అందరికీ చంద్రుడు కావాల్సి వచ్చింది, ఇప్పుడు యూరోపా. మీరు అడిగింది రెండు కోర్సుల గురించే అయినా మీ గుబులు వేరు. పాతికేళ్లు వచ్చాక పిల్ల ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చుంటే నలుగురికీ ఏం చెప్పుకోవాలన్నదే మీ బాధ. ఆమె అలా కూర్చోదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం గట్టిగా చదివి, డేటాతో పనిచేయడం నేర్చుకుంటే యూరోపా దక్కకపోయినా వాతావరణ సూచన, సముద్ర సర్వే, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, అధ్యాపకవృత్తి వంటివి ఉంటాయి.

ఏరోస్పేస్ మోజు మీద మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. అది వాహనాన్ని తయారు చేసే చదువు. వాహనం చేరిన చోట ఏముందో తేల్చే చదువు వేరు. పోనీ, వాహనాలు తయారు చేయాలన్నదే కోరిక అనుకున్నా, ఇస్రో ఇంజినీర్ల ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేవి ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్సే. నాసాలో ప్రభుత్వోద్యోగానికి సాధారణంగా అమెరికా పౌరసత్వం ఉండాలి. ఈ ముక్క ఆ కన్సల్టెన్సీ వాళ్లు మీకు చెప్పారా? ఆస్ట్రోబయాలజీ, అంటే భూమికి ఆవల జీవాన్ని వెతికే శాస్త్రం, పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే సర్టిఫికెట్లదీ ఇదే తంతు. సరదాకు చదువుకోవచ్చు గానీ వాటిని చూసి ఎవరూ పరిశోధనలోకి తీసుకోరు.

అమ్మాయి అడుగుతున్నది అసలు సముద్రం గురించిన ప్రశ్న. యూరోపా మంచు పొర కింద భూమి మీది సముద్రాలన్నిటికీ రెట్టింపు ఉప్పునీరు ఉండవచ్చని అంచనా. శనిగ్రహపు ఉపగ్రహం ఎన్‌సెలడస్ వ్యాసం దాదాపు 500 కిలోమీటర్లు, అంటే విశాఖ నుంచి హైదరాబాదుకు వెళ్లే రోడ్డు దూరం కూడా లేదు. అక్కడి మంచు పగుళ్ల నుంచి ఎగజిమ్మే నీటిధారల్లోంచి కాసినీ అంతరిక్ష నౌక దూసుకుపోయింది. ఉప్పు, హైడ్రోజన్, కర్బన అణువులు కనిపించాయి. ఆ డేటాలోనే ఫాస్ఫేట్ కూడా ఉందని 2023లో తేలింది. జీవం ఇంకా కనబడలేదు. ఇదంతా కెమిస్ట్రీ. ఎండ తగలని లోతుల్లోనూ జీవులు గుంపులుగా బతుకుతాయని 1977లో గలపాగోస్ దగ్గర సముద్రగర్భంలో చూసిన బృందంలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. వేడినీటి బుగ్గల కోసం వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్తలు వాళ్లు.

మీరేమో విశాఖలో ఉండి కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం, భూభౌతికశాస్త్రం, వాతావరణ-సముద్ర శాస్త్రం విభాగాలున్నాయి. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఒక్కసారైనా అమ్మాయిని తీసుకెళ్లారా? ఫీజుల పట్టిక శ్రద్ధగా జత చేశారు. ఆమెకు ఏ సబ్జెక్టు ఇష్టమో మాత్రం ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ముందు అది అడిగి తెలుసుకోండి.

నా మాటైతే ఐసర్, అంటే సైన్సు చదువుకూ పరిశోధనకూ కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ. తిరుపతిలోనే ఒకటుంది, ఎంపీసీ వారూ అర్హులే. అది రాకపోతే మంచి కళాశాలలో బీఎస్సీ, ఆపైన భూభౌతికశాస్త్రంలోనో సముద్ర శాస్త్రంలోనో పీజీ. పీహెచ్‌డీ అయ్యేసరికి ఇరవై ఏడో ఎనిమిదో వస్తాయి, ఆ ఓపిక మీకుండాలి. పరిశోధన చేసేవారికిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు చేతికందుతాయి, మీ మీద భారం పడదు. 2024 అక్టోబరులో బయలుదేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030లో, ఐరోపా వారి నౌక జూస్ 2031లో గురుగ్రహాన్ని చేరాలి. అవి పంపే డేటా మీద పని చేసే వయసు సరిగ్గా మీ అమ్మాయిదే.

మీ రెండిట్లోనే ఒకటి తేల్చమంటే, కంప్యూటర్ సైన్స్. దాని నుంచి గ్రహ పరిశోధనకు మళ్లడం కష్టమే గానీ అసాధ్యం కాదు.

అడ్వాన్సు కట్టకండి. కట్టేసి ఉంటే, రసీదు పట్టుకెళ్లి ఈ వారంలోనే వెనక్కి అడగండి.