సియోల్‌లో ఒక్క రోజుకు 28,500 రూపాయలా?

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 44, చేతికొచ్చే జీతం 95,000 రూపాయలు. ఇంటి లోన్ ఈఎంఐ 28,000, ఇంటి ఖర్చులు పోను నెలకు 25,000 దాకా మిగులుతుంది. బీటెక్ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి కొరియన్ డ్రామాలు చూసీ చూసీ ఒకసారి సియోల్ వెళ్దామని పట్టుబడుతోంది. వచ్చే ఏప్రిల్‌లో, చెర్రీ పూలు పూసే సమయానికి, ముగ్గురం ఐదు రోజులు వెళ్దామనుకుంటున్నాం. విమానం, హోటల్, వీసాలకు 3,20,000 అవుతుందని లెక్క వేశాను. ప్యాలెస్, హన్‌బోక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) వేసుకుని ఫొటోలు, మార్కెట్‌లో కొరియన్ తిండి కలిపి ఒక రోజు టూర్‌కు ఏజెన్సీవాళ్లు మనిషికి 9,500 చెప్పారు. 6,000 అడ్వాన్స్ కట్టాను, అది వెనక్కి రాదట. చేతిలో 1,20,000 ఉంది, 2,00,000 ఎఫ్‌డీ ఉంది. మిగతాదానికి 14 శాతం వడ్డీకి 3,00,000 పర్సనల్ లోన్ రెండేళ్లకు తీసుకోవచ్చా? అక్కడ తిండి ఖర్చు తగ్గించుకుంటే సర్దుకోగలమా? మా ఆవిడ శాకాహారి, గుడ్డు తింటుంది.

జవాబు: మీరు తగ్గించాలనుకుంటున్న ఖర్చు అసలు పెద్దదే కాదు. సియోల్‌కు వెళ్లి రావడం ఖరీదు గానీ, చేరాక ఊరు తిరగడం, తినడం అంత ఖరీదు కాదు. ముందు ఆ ఒక్క రోజునే లెక్క కట్టి చూద్దాం. కొరియా డబ్బు వోన్. వెయ్యి వోన్లకు 62 రూపాయలు అనుకుని వేస్తున్నాను, వెళ్లే ముందు ఆనాటి రేటు చూసుకోండి.

పొద్దున్నే గ్యోంగ్‌బోక్‌గుంగ్ ప్యాలెస్. 1395లో కట్టిన రాజభవనం, ప్రవేశ రుసుం పెద్దవాళ్లకు 3,000 వోన్లు, అంటే 190 రూపాయల లోపే. ముగ్గురికీ 9,000 వోన్లు. మంగళవారం సెలవు కాబట్టి ఆ రోజు పెట్టుకోకండి. ద్వారం దగ్గర కాపలా భటులు మారే వేడుక చూడ్డానికి టికెట్ అక్కర్లేదు. లోపల ఇంగ్లిష్‌లో ఉచిత గైడ్ టూర్ కూడా ఉంటుంది. ఏజెన్సీ మీకు అమ్ముతున్న గైడ్ సేవలో సగం ఇక్కడే ఊరికే దొరుకుతోంది.

హన్‌బోక్ వేసుకుంటే ప్యాలెస్‌లోకి ఉచితం అని మీ అమ్మాయి ఇప్పటికే చెప్పి ఉంటుంది. నిజమే. కానీ 3,000 వోన్ల టికెట్ మిగల్చడానికి 25,000 వోన్ల అద్దె కట్టడం పొదుపు కాదు, అది ఫొటోల ఖర్చు. ఆ ఖర్చు పెట్టొద్దని అనను. రెండేళ్లుగా ఆ డ్రెస్సు కోసం కలలు కంటున్న పిల్లకు వద్దని చెప్పడం నా పని కాదు. అమ్మాయికి ఒక్కదానికే తీసుకోండి, మీరు ఫొటోలు తీయండి.

అక్కడి నుంచి బుక్చోన్ పాత ఇళ్ల వీధులకు నడిచే వెళ్లొచ్చు, టికెట్ లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. అక్కడ జనం కాపురాలు ఉంటున్నారు. టూరిస్టుల గోల భరించలేక పెట్టిన నిబంధన ప్రకారం, రెడ్ జోన్‌గా గుర్తించిన వీధుల్లో పొద్దున 10 నుంచి సాయంత్రం 5 వరకే తిరగాలి. ఆ వేళ దాటి తిరిగితే 2025 మార్చి నుంచి లక్ష వోన్ల దాకా జరిమానా. అంటే 6,000 పైచిలుకు. మార్కెట్‌లో ముగ్గురూ రెండుసార్లు తినే డబ్బు.

ఇక తిండి. పొద్దున కన్వీనియెన్స్ స్టోర్‌లో ఏదో ఒకటి, కాఫీతో కలిపి ముగ్గురికి 15,000 వోన్లు. మధ్యాహ్నం బిబిమ్‌బాప్, అంటే అన్నం మీద కూరగాయలు, గుడ్డు, ఎర్ర మిరప ముద్ద వేసి కలుపుకునేది, తలా 12,000 చొప్పున 36,000. మెనూలో వేసిన రేటులోనే పన్ను కలిసి ఉంటుంది, మన దగ్గరలా బిల్లు కింద జీఎస్టీ ఎక్కదు. టిప్పు ఇచ్చే అలవాటు లేదు. మంచినీళ్లు ఉచితం. పక్కన చిన్న గిన్నెల్లో పెట్టే కిమ్చీ (పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి), కూరలు మామూలుగా మళ్లీ అడిగినా డబ్బు తీసుకోరు. బార్బెక్యూకు వెళ్తే మాత్రం చాలా చోట్ల కనీసం రెండు ప్లేట్లు ఆర్డర్ ఇవ్వాలంటారు. మీ ఇంట్లో మాంసం తినేది ఇద్దరే అయితే అది సరిపోతుంది, మీ ఆవిడకు అక్కడ దొరికేది అన్నం, ఆకులే.

సాయంత్రం గ్వాంగ్‌జాంగ్ మార్కెట్. 1905 నాటిది. అక్కడ బిందేత్తోక్ అని వేస్తారు, పెసరపప్పు నానబెట్టి రుబ్బి, మొలకలు కలిపి, నూనెలో మందంగా కాల్చిన అట్టు. మన పెసరట్టుకు లావుపాటి చుట్టం. ఒకటి 5,000 వోన్ల చుట్టూ ఉంటుంది. దాంతోపాటు చిన్న కింబాప్ చుట్టలు (సముద్రపు నాచు రేకులో చుట్టిన అన్నం), చేత్తో కోసిన నూడుల్స్. ముగ్గురూ కడుపునిండా తిన్నా 40,000 వోన్లు దాటకూడదు. రేటు బోర్డు చూసి, ప్లేటు ఎంతో ముందే అడిగి కూర్చోండి. తిన్నాక చోంగ్యేచోన్ కాలువ వెంబడి నడవండి. రోడ్డు కింద పూడ్చేసిన వాగును 2005లో తిరిగి తెరిచారు. దానికీ టికెట్ లేదు.

మధ్యలో ఒక కాఫీ 15,000. మెట్రోలో కార్డుతో కనీస ఛార్జీ 1,550 వోన్లు, రోజుకు నాలుగు ప్రయాణాలు అనుకుంటే ముగ్గురికి 18,600. టూరిస్టులకు 5,000 వోన్ల ఒక్కరోజు పాస్ ఉంది గానీ, నాలుగోసారి ఎక్కితేనే అది గిట్టుబాటవుతుంది. ప్యాలెస్, బుక్చోన్, మార్కెట్ అన్నీ దగ్గరదగ్గరే కాబట్టి ఆ రోజుకు పాస్ తప్పనిసరేం కాదు.

అన్నీ కలిపితే, హన్‌బోక్ అద్దెతో సహా, 1,58,600 వోన్లు. మన డబ్బులో 10,000 లోపే. ఏజెన్సీ చెప్పిన 28,500 ఎక్కడ, ఇదెక్కడ? పైగా వాళ్ల టూర్‌లో ఆరు రకాలు రుచి చూపిస్తారంటే, మీ ఆవిడ అందులో ఒకటో రెండో తిని పూర్తి డబ్బు కడుతుంది. తొక్బొక్కిలో (కారం పులుసులో ఉడికించిన బియ్యప్పిండి ముక్కలు) చేపల పులుసు, కిమ్చీలో ఎండు రొయ్యల ఉప్పు, అట్టులో అప్పుడప్పుడు పంది ముక్కలు ఉంటాయి. చూస్తే కూరగాయల్లానే ఉంటాయి, అక్కడే పొరపాటు పడతాం. బిబిమ్‌బాప్ మాంసం లేకుండా అడిగి తీసుకోవడం, బౌద్ధ ఆలయ భోజనం పెట్టే హోటల్ ఒకటి ముందే వెతికి పెట్టుకోవడం మంచిది. ఆ భోజనం కాస్త ఖరీదు, అందుకే ఆమె పేరున ఐదు రోజులకు కలిపి ఇంకో 4,000 పక్కన పెట్టండి. కంది పొడి తీసుకెళ్లండి. చికెన్ పచ్చడి మాత్రం వద్దు, మాంసం పదార్థాలను కొరియా కస్టమ్స్ రానివ్వదు.

ఇప్పుడు లోన్ సంగతి. 3,00,000కు 14 శాతంతో 24 నెలలంటే ఈఎంఐ సుమారు 14,400. మొత్తం వడ్డీ దాదాపు 45,700, ప్రాసెసింగ్ ఫీజు కాక. పైన వేసిన లెక్క ప్రకారం ఐదు రోజులూ ముగ్గురూ సియోల్‌లో తిరగడానికీ తినడానికీ అయ్యేది 50,000. అంటే మీ తిండి డబ్బంతా బ్యాంకుకు వడ్డీ కింద కడుతున్నారు. ఇంటి లోన్‌తో కలిపి జీతంలో 42,000 పైగా ఈఎంఐలకే పోతుంది. ఆ ఏప్రిల్ పూలకు అంత ధర పెట్టాలని నాకనిపించడం లేదు.

ప్రయాణం అక్టోబర్‌కు మార్చండి. ఇప్పుడు డిసెంబర్. నెలకు 25,000 చొప్పున ఆర్‌డీలో వేస్తే జూలై చివరికి చేతిలో ఉన్నదానితో కలిపి 3,20,000 అవుతుంది, టికెట్లు, హోటల్, వీసాలకు సరిగ్గా అంతే కావాలి. ఆగస్టు, సెప్టెంబర్ వాయిదాల 50,000 అక్కడి ఖర్చుకు. షాపింగ్‌కు ఆర్‌డీ మీద వచ్చే వడ్డీయే మిగులుతుంది, మీ ఆవిడ తిండికి అన్న 4,000 కూడా అందులోనే రావాలి. అమ్మాయికి దసరా సెలవులు కలిసొస్తాయి. కొరియావాళ్ల పెద్ద పండగ చుసోక్ కొన్నేళ్లు దసరా దగ్గరే పడుతుంది, ఆ రోజుల్లో చాలా దుకాణాలు మూసేస్తారు, తేదీలు చూసి బుక్ చేయండి.

లేదు, ఏప్రిలే కావాలని ఇంట్లో అందరూ అంటే, పర్సనల్ లోన్‌కు బదులు ఎఫ్‌డీ మీద లోన్ అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ. అయితే ఆ 2,00,000 తప్ప ఆపదకు మీ దగ్గర ఇంకేమీ లేదు. అందుకే దీన్ని రెండో దారిగానే చెబుతున్నాను. ఒకటి గుర్తుంచుకోండి, వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు, అందులో లోన్ డబ్బు ఒక్కసారిగా పడి కనిపిస్తే ఎక్కడిదని అడగొచ్చు.

డబ్బు తీసుకెళ్లే విషయం. యూపీఐని నమ్ముకుని వెళ్లకండి. అక్కడ దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. మార్కెట్ బండ్ల దగ్గర మాత్రం నోట్లు కావాలి, ముగ్గురికీ రెండు లక్షల వోన్లు చాలు. రూపాయలు పట్టుకెళ్లి అక్కడ మార్చడం నష్టం. ఇక్కడ డాలర్లు తీసుకుని, సియోల్‌లో మ్యోంగ్‌డోంగ్ అనే షాపింగ్ ప్రాంతంలోని మనీ ఛేంజర్ల దగ్గర మార్చుకుంటే ఎయిర్‌పోర్టు కంటే మంచి రేటు వస్తుంది. మీ క్రెడిట్ కార్డు విదేశీ మార్కప్, అంటే విదేశాల్లో వాడితే బ్యాంకు వేసే అదనపు ఛార్జీ, ఎంతో కనుక్కోండి. 3.5 శాతం ఉంటే దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి 4.13 అవుతుంది. ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) తీసుకుంటే అందులో వోన్ ఉందో లేదో చూడండి, చాలా కార్డుల్లో ఉండదు, డాలర్ల నుంచి మారేటప్పుడు మళ్లీ ఛార్జీ. స్వైపింగ్ మెషీన్‌లో రూపాయల్లో కడతారా, వోన్లలో కడతారా అని వస్తే ఎప్పుడూ వోన్లే నొక్కండి. రూపాయలు నొక్కితే దుకాణం వైపు బ్యాంకు తనకిష్టమైన రేటు వేస్తుంది.

ఫారెక్స్ కార్డులో వేసే డబ్బుపై ఆర్థిక సంవత్సరంలో 10,00,000 దాటే దాకా టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపన్ను) లేదు. ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే ఉంటుంది. ఆదాయపన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది గానీ అందాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది. విడివిడిగా బుక్ చేసుకోమనడానికి అదొక కారణం.

ఇక ఆ 6,000 అడ్వాన్స్. పోయిందనుకోండి. అది పోతుందన్న బాధతో ఇంకో 22,500 కట్టి టూర్‌కు వెళ్లకండి. ఇప్పుడు మీ ముందున్న లెక్క 22,500కు, 10,000కు మధ్యే. ఏజెన్సీకి ఈ వారంలోనే రాతపూర్వకంగా వద్దని చెప్పేయండి, కుదిరితే ఆ 6,000ను అక్టోబర్ విమాన టికెట్ల మీద సర్దమని అడగండి.