చెక్క బాణాల ములికి టార్గెట్‌లోనే ఊడిపోతోంది. గట్టిగా అతికించడం ఎలా?

చాలాసార్లు తప్పు జిగురుది కాదు, ములికి లోపల మిగిలిన నూనెది. తయారీలో అంటిన ఆ జిడ్డును అసిటోన్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచేయండి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, పూర్తిగా ఆరాకే ములికిని వేడి చేయడానికి మంట వెలిగించండి.

అతికించే ములికిలకు లోపలి వాలు సాధారణంగా 5 డిగ్రీలు. బాణం కర్ర కొనను కూడా టేపర్ టూల్‌తో అదే వాలుకు చెక్కాలి. పెన్సిల్ షార్ప్‌నర్ అస్సలు వాడొద్దు, దాని వాలు చాలా ఎక్కువ, లోపల ఖాళీ మిగులుతుంది.

నా ఓటు హాట్ మెల్ట్ జిగురుకే, అంటే వేడికి కరిగి చల్లారితే గట్టిపడే జిగురుకు. ములికిని పటకారుతో పట్టుకుని వేడి చేసి, లోపల జిగురు కరిగించి, కర్రను తిప్పుతూ లోపలికి నొక్కండి. మంట చెక్కకు తగలకూడదు. చల్లారేదాకా కదపకండి. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) కూడా గట్టిగానే పట్టుకుంటుంది, కానీ కర్ర విరిగితే ములికిని వెనక్కి తీయడం కష్టం. హాట్ మెల్ట్ అయితే మళ్లీ వేడి చేస్తే వచ్చేస్తుంది.