‘మానసిక వికలాంగులకు హక్కులు కల్పించిన నేత’

సందేహం: నాయకుల పనితీరును బేరీజు వేస్తూ వ్యాసం రాస్తున్నాను. ‘మానసిక వికలాంగులకు హక్కులు కల్పించిన నేత’ అనవచ్చా? ‘దివ్యాంగులు’ అని మారిస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. ‘వికలాంగుడు’ బహువ్రీహి: వికలమైన అంగం కలవాడు. ‘దివ్యాంగుడు’లో విశేషణం మారింది గాని అంగం అలాగే ఉంది. స్కిజోఫ్రీనియా అనే మానసిక రుగ్మత ఉన్న మనిషికి వికలమైన అంగమేది? ముందు ‘మానసిక’ చేరిస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఆ మాటను కొందరు మేధో వైకల్యానికి (నేర్చుకోవడంలో, ఆలోచించడంలో ఉండే పరిమితికి), కొందరు మానసిక రుగ్మతకు వాడుతున్నారు. వైకల్యం ఉన్నవారి కోసం 2016లో వచ్చిన హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ రెండూ వేరువేరు. కలిపేస్తే ఏమవుతుందంటే, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక పాఠశాల కట్టించిన నాయకుడు, జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు పోస్టు ఖాళీగా ఉన్నా మానసిక ఆరోగ్యం ఖాతాలో మార్కులు కొట్టేస్తాడు. కాబట్టి ఎవరి గురించి రాస్తున్నారో తేల్చుకుని ‘మేధో వైకల్యం ఉన్నవారు’, ‘మానసిక రుగ్మత ఉన్నవారు’ అని విడివిడిగా రాయండి. అందరికీ కలిపి ‘వైకల్యం ఉన్నవారు’ చాలు. సంఘాలు తమ పేర్లలో పెట్టుకున్న ‘వికలాంగులు’ జోలికి మాత్రం వెళ్లకండి.

అసలు తంటా ‘కల్పించిన’ అన్న క్రియతోనే. ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల్లో మానసిక వైద్యం పొందే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఇచ్చింది. దాన్ని చేసింది పార్లమెంటు. ముఖ్యమంత్రికి ‘కల్పించారు’ నప్పదు. ‘అమలు చేశారు’, ‘చేయలేదు’ అనాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషనూ అంతే. అది 2016 చట్టంలోనే ఉంది, కనుక ‘ఇచ్చారు’ అనడం కన్నా ఎన్ని పోస్టులు ‘భర్తీ చేశారు’ అన్నదే రాయాల్సిన మాట.

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ప్రకటించారు, కేటాయించారు, విడుదల చేశారు, ఖర్చు చేశారు: పత్రికలు ఈ నాలుగింటినీ పర్యాయపదాల్లా వాడేస్తున్నాయి. సభలో చెప్పింది ప్రకటన, బడ్జెట్‌లో చూపింది కేటాయింపు, ఖజానా వదిలింది విడుదల. వాస్తవ వ్యయం సాధారణంగా రెండేళ్ల తరువాతి బడ్జెట్ పత్రాల్లో కనిపిస్తుంది. ఆనాటి అంచనా కోసం పాత పత్రం తీసి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాకే ‘ఖర్చు చేశారు’ అని రాయండి. ‘నిధులు మంజూరు చేయబడ్డాయి’ అన్న కర్మణి వాక్యం వ్యాకరణరీత్యా తప్పు కాదు. ఎవరు చేశారో దాచిపెడుతుంది, అంతే. నాయకుణ్ణి తూచే వ్యాసంలో కర్త కనబడకపోతే ఇక తూచేదెవరిని?

మీరు అడగకపోయినా ఒక్క మాట. ఇదే వ్యాసంలో ‘పిచ్చి నిర్ణయం’, ‘చెవిటి ప్రభుత్వం’, ‘గుడ్డి విధానం’ దొర్లకుండా చూసుకోండి. వాటి బదులు ‘అనాలోచిత నిర్ణయం’, ‘వినిపించుకోని ప్రభుత్వం’, ‘ముందుచూపు లేని విధానం’ అంటే విమర్శ పదును తగ్గదు.